లాయరమ్మ మాట్లాడని రోజులు

ఫిబ్రవరి 10

లాయరమ్మని ఇంటికి తీసుకొచ్చేశాం. గొంతులోంచి గడ్డ తీసేశారు. బఠాణీ గింజంత కూడా లేదు, దానికి ఇంత హడావుడి. తీసినదాన్ని సీసాలో వేసి పరీక్షకి పంపారు. అది మంచిదో చెడ్డదో పరీక్ష అయ్యాక చెప్తారట. గొంతు మునుపటిలా వస్తుందో రాదో మాత్రం ఎవరూ చెప్పరట. అప్పటిదాకా నోరు విప్పకూడదు. గుసగుసలు కూడా పనికిరావు. దగ్గకూడదు, గొంతు సవరించుకోకూడదు.

నల్లకోటేసుకుని కోర్టులో వాదించిన మనిషి. తర్వాత రేడియోలో వార్తలు చదివింది. ఆ తర్వాత సినిమాల్లో ఎవరెవరి మొహాలకో గొంతిచ్చింది. ఇప్పుడు కాలేజీలో నలుగురితో ఎలా మాట్లాడాలో పాఠం చెప్తోంది. అలాంటిదాన్ని నోరు మూసుకోమన్నారు. ఇన్నేళ్లుగా నా వల్ల కానిది డాక్టరు ఒక్క మాటతో చేసి చూపించాడు.

బయల్దేరేముందు డాక్టరు నన్ను విడిగా వరండాలోకి పిలిచాడు. లాయరమ్మ అద్దాల తలుపు అవతల బెంచీ మీద కూర్చుని చూస్తూనే ఉంది.

"మీ ఆవిడకి ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఏంటో తెలుసా?" అన్నాడు.

"చెప్పండి సార్."

"మీరే."

నిన్న వార్డులో సెలైను కడ్డీని మైకు స్టాండులా పట్టుకుని, పేషెంట్లందరి తరఫునా చిన్న ఉపన్యాసం ఇచ్చాను. చప్పటి కూరల మీద. లాయరమ్మ నవ్వాపుకోలేక దగ్గింది. నర్సు వెళ్లి చెప్పేసింది.

"పచ్చిపుండు సార్ అది. ఇంకోసారి అలా నవ్విందంటే నేను చేసిందంతా వృథా. గొంతు శాశ్వతంగా పోవచ్చు. ఇంట్లో మీరు నోరు అదుపులో పెట్టుకోవాలి. అర్థమైందా?"

అర్థమైంది. లోపలికి తిరిగొచ్చేటప్పటికి నా మొహం ఎలా ఉందో నాకు తెలీదు. లాయరమ్మ మాత్రం నన్నే చూస్తోంది.

ఇంటికి రాగానే చిట్టి ఈ డైరీ నా చేతిలో పెట్టింది. మందుల షాపులో పనిచేస్తుంది కదా, కంపెనీవాళ్లు ఇస్తుంటారు. "నాన్నా, నోటిదురద పుట్టినప్పుడల్లా దీనిమీద గోక్కో. అమ్మ దగ్గర మాత్రం వద్దు" అంది. నా కూతురే. ఏడో తరగతిలో గోడ దూకి వచ్చేసినవాడి చేతికి పెన్నిచ్చింది.

ఫిబ్రవరి 11

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. హాయిగా ఉంది.

ఏదైనా కావాలంటే రాసి చూపించడానికి కాలేజీ నుంచి చిన్న తెల్లపలక తెచ్చుకుంది. దానికి తాడు కట్టి మెళ్లో వేసుకుంది. జైల్లో ఫొటో తీసేముందు ఖైదీల మెళ్లో పలక వేలాడేస్తారే, అచ్చం అలా. పెళ్లయినప్పట్నుంచీ నన్ను 'ముద్దాయీ' అని పిలిచే మనిషి మెళ్లో పలక! ఎంత గొప్ప అవకాశం! నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

ఫిబ్రవరి 12

హాయిగా ఉంది.

ఫిబ్రవరి 13

ఇవాళ లాయరమ్మ స్వెట్టరు తిరగేసి వేసుకుంది. కుట్లన్నీ బయటికి. మెడ వెనక కంపెనీ చీటీ జెండాలా ఎగురుతోంది. అలాగే నా ముందు నుంచి వంటింట్లోకి, వంటింట్లోంచి నా ముందుకి తిరిగింది. నా కుర్చీ దగ్గర ఆగి పేపరు సర్దింది. మామూలు రోజైతే ఈ ఒక్క స్వెట్టరు మీద నేను వారం బతికేసేవాణ్ణి. లేచి పెరట్లోకి వెళ్లి మొక్కలకి నీళ్లు పోశాను. మొక్కలు కూడా ఆశ్చర్యపోయి ఉంటాయి.

ముద్దాయి అంటే గుర్తొచ్చింది. రాసుకుంటే కొంచెం తేలిగ్గా ఉంటుందేమో.

మా పేటలో కౌన్సిలరు పదవికి ఇద్దరు నిలబడ్డారు. ఇద్దరూ మైకుసెట్టు నా దగ్గరే అద్దెకి తీసుకున్నారు. ఇద్దరి ఉపన్యాసాల క్యాసెట్లూ నా దగ్గరే. పొద్దున్నే లేచి, ఈయన క్యాసెట్టు ఆయన బండిలో, ఆయన క్యాసెట్టు ఈయన బండిలో పెట్టాను. రోజంతా తిరిగాయి బండ్లు. ఎవరూ కనిపెట్టలేదు. సాయంత్రం ఒకాయన సొంత తల్లి "ఏరా, గొంతు నీలా లేదేంట్రా" అని అడిగేదాకా ఆయనకే తెలీదు. ఇద్దరూ కలిసి నా మీద కేసు పెట్టారు. వాళ్లిద్దరూ కలిసి చేసిన పని అదొక్కటే.

పెద్ద లాయరు నా మొహం చూసి, కొత్తగా చేరిన జూనియరమ్మాయికి అంటగట్టాడు. ఆ అమ్మాయి లేచి జడ్జిగారితో అంది: "ఈ రెండు ఉపన్యాసాలూ కోర్టువారు దయచేసి వినాలి. రెండింటికీ తేడా ఎక్కడుందో ఫిర్యాదుదారులు చూపిస్తే, నా క్లయింటు నేరం ఒప్పుకుంటాడు." జడ్జిగారు రెండూ విన్నారు. నీళ్లు తెస్తాం, దీపాలు వేయిస్తాం, కాలవ బాగుచేస్తాం. కాలవ బాగుచేస్తాం, దీపాలు వేయిస్తాం, నీళ్లు తెస్తాం. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, కేసు కొట్టేశారు.

బయట థాంక్స్ చెబుదామని వెళ్తే, "ముద్దాయీ, ఇంకోసారి దొరక్కు" అంది.

దొరికాను. పెళ్లయింది.

ఫిబ్రవరి 14

ఒక కాలికి నా చెప్పు, ఒక కాలికి తన చెప్పు. వీధి చివరిదాకా వెళ్లొచ్చింది. నేను మాట్లాడలేదు. నన్ను ఏ గుళ్లో పెట్టి పూజించినా తప్పులేదు.

ఫిబ్రవరి 15

లాయరమ్మకి తోచక బీరువా సర్దుతోంది. సర్దుతోందంటే ఇంట్లో ఉన్నదంతా మంచం మీదికి తెచ్చి, కుప్పలు పోస్తోంది. ఒక కుప్ప చిట్టికి. ఒక కుప్ప కాలేజీకి. ఒక కుప్ప ఎవరికో. నల్లకోటు కూడా బయటికి తీసింది. సాయంత్రం తన పాత విద్యార్థిని ఒకమ్మాయి వస్తే ఇచ్చేసింది. ఆ అమ్మాయి ఇప్పుడు లా చదువుతోందట. కోటు వేసుకుని అద్దంలో చూసుకుని, "మేడం, చేతులు పొడుగయ్యాయి" అంది. లాయరమ్మ పలక మీద రాసింది: "పెరుగుతావులే."

ఇన్నేళ్లు ఇల్లు మారినప్పుడల్లా మోసుకు తిరిగిన కోటు. పోనీలే, బీరువాలో జాగా అయింది.

ఆ కోటు ఎందుకు వదిలేశావని నేను చాలాసార్లు అడిగాను. ఒకసారి "కోర్టులో ఫ్యాన్లు తిరగవు" అంటుంది. ఒకసారి "నీలాంటివాళ్లని విడిపించాల్సొస్తోంది" అంటుంది. ఏ లాయరూ సొంత కేసులో నిజం చెప్పరు.

రేడియోలో చేరాక నాకు పండగే. తను వార్తలు చదివే టైముకి షాపులో ఉన్న హారన్లన్నీ కలిపి వీధిలోకి తిప్పేవాణ్ణి. కూరగాయల బండివాడు కూడా వార్తలయ్యేదాకా కేకలు ఆపేవాడు. వారానికోసారి శ్రోతల ఉత్తరాలు చదివి జవాబులు చెప్పేది కూడా తనే. నేను రకరకాల పేర్లతో రాసేవాణ్ణి. ఒకసారి రాశాను: "మీ స్టేషన్లో వార్తలు చదివే ఒకావిడ పొద్దున్నే మొగుడికి టీ కూడా పెట్టకుండా వచ్చేస్తోందని విన్నాను. నిజమేనా? ఇట్లు, ఒక అభాగ్య శ్రోత." నవ్వకుండా, తడబడకుండా, ఆ వార్తల గొంతుతోనే మొత్తం చదివి, "ఆ శ్రోతకి రెండు చేతులూ బాగానే ఉన్నాయని మా విచారణలో తేలింది" అంది. ఊరంతా విన్నారు. ఆ రోజు నుంచీ టీ నేనే పెడుతున్నాను.

ఫిబ్రవరి 16

ఇవాళ మాత్రం టీ తను పెట్టింది. అందులో ఉప్పు వేసింది.

పంచదార డబ్బా, ఉప్పు డబ్బా పక్కపక్కనే ఉంటాయి, పొరపాటు సహజం. ఒక్క మాట కూడా అనకుండా గ్లాసు ఖాళీ చేసి, "బావుంది" అన్నాను. లాయరమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. నా ఓర్పు చూసి మురిసిపోయి ఉంటుంది. చేతిలోంచి గ్లాసు తీసుకుని, కాసేపు నా జుట్టు నిమిరింది.

తర్వాత వంటింట్లో నిలబెట్టి నాకు వంట నేర్పింది. నోటితో అయితే ఎప్పుడో పారిపోయేవాణ్ణి, పలక మీద రాసి చూపిస్తుంటే పారిపోవడం కుదరదు. తాలింపు మాడిస్తే గరిటెతో చేతి మీద ఒక్కటి వేసింది. గ్యాసు అయిపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలో, చిట్టికి ఏది పడదో, అన్నీ రాసింది. చిట్టికి ఏది పడదో నాకు తెలీదా? ఏదో, కాలక్షేపం.

ఫిబ్రవరి 17

మధ్యాహ్నం షాపుకి కాలేజీ హెడ్డుగారు వచ్చారు. లాయరమ్మ డిపార్టుమెంటుకి ఆయనే పెద్ద. మెత్తటి మనిషి, ఏ మాటైనా నాలుగు దూది ఉండల్లో చుట్టి చెప్తారు.

"ఈ నెలాఖరుకి ఓ మైకుసెట్టు కావాలండీ. చిన్న సభ."

"ఏం సభ సార్?"

"అదేంటండీ, మేడం గారిదే. వీడ్కోలు సభ." నా మొహం చూసి ఆగారు. "రాజీనామా ఇచ్చారు కదా... మీకు తెలిసే అనుకున్నాను."

తెలిసినట్టే తలూపాను. ఎన్ని బాక్సులు కావాలి, హాలు ఎంత, అన్నీ అడిగి రాసుకున్నాను. ఆయన వెళ్లాక యాంప్లిఫయరు విప్పి మళ్లీ బిగించాను. దానికేం కాలేదు.

లాయరమ్మకి ఏదో తెలుసు. డాక్టరు తనకి చెప్పి ఉంటాడు, నాకు చెప్పొద్దని తను అని ఉంటుంది. లేకపోతే లోపల తనకే తెలుస్తోంది. కోటు ఇచ్చేయడం, వంట నేర్పడం. నేనొక మొద్దుని.

అడిగితే ఏం చెప్తుందో అని అడగలేదు. ఇంటికెళ్లి, తనేదీ గమనించకుండా మామూలుగా ఉన్నాను. గిన్నెలు కూడా తోమాను.

ఫిబ్రవరి 18

మామూలుగానే ఉన్నాను.

ఫిబ్రవరి 19

ఇది మొత్తం రాయాలి.

పొద్దున టిఫిను అయ్యాక లాయరమ్మ కుర్చీ లాక్కుని నాకు ఎదురుగా కూర్చుంది. పలక ఒళ్లో పెట్టుకుంది. చిట్టిని మధ్యలో కూర్చోమని సైగ చేసింది, జడ్జిలా. చిట్టి "నేను డ్యూటీకి వెళ్లాలమ్మా" అంది. లాయరమ్మ వేలితో కుర్చీ చూపించింది. కూర్చుంది.

పలక మీద మొదటి ప్రశ్న: "ఆ రోజు వరండాలో డాక్టరు నీతో ఏం చెప్పాడు?"

"నిన్ను నవ్వించొద్దన్నాడు."

"అబద్ధం."

"చిట్టి మీద ఒట్టు."

"నా మీద ఒట్లేంటి నాన్నా, పొద్దున్నే" అంది చిట్టి.

తుడిచింది. రాసింది. "స్వెట్టరు తిరగేసి వేసుకున్నాను. నువ్వేమన్నావు?"

"ఏమనలేదు."

"చెప్పులు?"

"...ఏమనలేదు."

"టీలో ఉప్పు వేశాను. బావుందన్నావు."

అప్పటికి నాకు వెలిగింది. పొరపాటున కాదు. కావాలని. ఒకదాని తర్వాత ఒకటి ఎర వేసుకుంటూ వచ్చింది. నేను ఒక్కదానికీ పడలేదు. అక్షరాలు వంకరపోతున్నా రాస్తూనే ఉంది: "మా నాన్న పోయిన రోజు కూడా నన్ను నవ్వించిన మనిషివి. ఇప్పుడు గిన్నెలు తోముతున్నావు. నాకెంత టైముందో చెప్పు."

పలక మీదికి వంగి రెండుసార్లు చదివాను.

"నీకు డాక్టరేం చెప్పాడు?" అన్నాను చివరికి.

"నాకేం చెప్పలేదు. నీకే కదా చెప్పాడు!"

"మరి రాజీనామా ఎందుకిచ్చావ్?"

"నీ మొహం చూసి."

"నీ రాజీనామా చూసి నా మొహం ఇలా అయింది!"

చిట్టి మా ఇద్దర్నీ చూసింది. నెత్తి కొట్టుకుంది. "నవ్వించొద్దని డాక్టరు చెప్పిన సంగతి నాకు మొదటి రోజే తెలుసు. నాన్న అమ్మకి చెప్పే ఉంటాడనుకున్నాను. అంత మాత్రం మాట్లాడుకోరా మీరు? అమ్మా, నువ్వు చెప్పే పాఠమే ఇది కదా?" అని, ఫోన్ తీసి డాక్టరుకి కలిపి స్పీకరులో పెట్టింది.

డాక్టరు విసుక్కున్నాడు. "అమ్మా, మీ పరీక్ష ఫలితం ఇంకా నా చేతికే రాలేదు. మీవారికి నేను చెప్పింది ఒక్కటే, మిమ్మల్ని నవ్వించొద్దని. ఎందుకు, మళ్లీ ఏమైనా చేశారా?"

లాయరమ్మ నన్ను చూసింది. భుజాలు కదలడం మొదలైంది. తువ్వాలు లాక్కుని నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలీదు. నేను భయపడి "వద్దే, వద్దే, గొంతు పోతుంది, ఆపవే" అని బతిమాలుతుంటే ఇంకా ఎక్కువైంది. చప్పుడు మాత్రం బయటికి రానివ్వలేదు. ఊపిరి తీసుకుని, తమాయించుకుని, నా తొడ మీద గట్టిగా గిల్లింది.

గిల్లిన చోట ఇంకా నల్లగానే ఉంది.

ఫిబ్రవరి 20

పొద్దున లేచేసరికి పలక మీద తీర్పు రాసి ఉంది: "నవ్వు రాని జోకులు వేసుకోవచ్చు."

కింద చిట్టి అక్షరాలు: "అయితే నాన్న కొత్తగా మార్చుకోవాల్సిందేం లేదు."

రాజీనామా వెనక్కి తీసుకోమన్నాను. "ఫలితం రానీ" అని రాసింది.

ఫిబ్రవరి 22

ఆసుపత్రిలో మా వంతు కోసం కూర్చున్నాం. గోడ మీది టీవీలో పాత సినిమా వస్తోంది. హీరోయిన్ వానలో నిలబడి, మూసిన తలుపు ముందు ఏడుస్తోంది. రెండు మాటలకే గుర్తుపట్టాను. గొంతు లాయరమ్మది.

రేడియో వదిలేసి సినిమాలకి డబ్బింగు చెప్పే రోజుల్లోది. ఆ సినిమాకి మొదటి ఆటకి వెళ్లాను. ఇదే సీను. పక్క సీటాయనతో "ఆ ఏడ్చేది మా ఆవిడేనండీ" అన్నాను. ఆయన నన్ను చూసి, తెర మీద హీరోయిన్ని చూసి, మళ్లీ నన్ను చూసి, లేచి వేరే సీట్లోకి వెళ్లిపోయాడు. ఇంటికొచ్చి చెబితే పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ ఒక్క సీనుకి పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పట్టిందట. ఆ అమ్మాయి పెదాలు ఎప్పుడు విడిపడతాయా అని చీకటి గదిలో కాచుక్కూర్చోవాలట.

ఇవాళ కూడా పక్కనున్నావిడతో చెబుదామని తిరిగాను. లాయరమ్మ మొహం చూసి ఆగిపోయాను. టీవీ వైపే చూస్తోంది. చూస్తోంది కాదు, వింటోంది. నాకు తెలిసి ఎప్పుడూ తన గొంతు తను అలా వినలేదు.

లోపలికి పిలిచారు. గడ్డ మంచిదే. భయం లేదు. నేను డాక్టరు చేతులు పట్టుకుని ఊపేశాను, ఆయన వాచీ ఊడొచ్చింది.

"ఏదీ, ఇప్పుడు మెల్లిగా 'ఆ' అనండమ్మా."

అంది.

గరుకు కాగితం గోడకి రుద్దినట్టు వచ్చింది. మధ్యలో తెగింది. లాయరమ్మ నోరు మూసేసుకుంది.

"మొదట్లో ఇలాగే ఉంటుంది" అన్నాడు డాక్టరు. "కొంత నయమవుతుంది. కొంచెం జీర ఉండిపోవచ్చు. కానీ ఇప్పుడు మాట్లాడాలి. రోజూ కొంచెం కొంచెం, అరవకుండా. భయపడి మూసుకు కూర్చున్నారంటే ఉన్నది కూడా పోతుంది."

దారంతా నేనే మాట్లాడాను.

ఫిబ్రవరి 23

పలక మీదే.

ఫిబ్రవరి 24

ఇవాళ స్వెట్టరు నేను తిరగేసి వేసుకున్నాను. తన కళ్లజోడు పెట్టుకుని, పేపరు తలకిందులుగా పట్టుకుని వార్తలు చదివాను. నవ్వింది. చప్పుడు లేకుండా నవ్వడం అలవాటు చేసేసుకుంది.

చిట్టి పక్కన కూర్చుని, "అమ్మా, ఒక్కసారి నన్ను పిలువమ్మా. ఎలా ఉన్నా సరే" అంది.

పలక: "అది నా గొంతు కాదు."

"అయితే ఎవరిదో కనుక్కుని తిరిగిచ్చేద్దాం పద" అన్నాను నేను.

పలక తుడిచేసి లోపలికి వెళ్లిపోయింది. చిట్టి నన్ను తిట్టింది. తిట్టాల్సిందే.

ఫిబ్రవరి 25

హెడ్డుగారు ఫోన్ చేశారు. రాజీనామా సంగతి మేడం ఏమనుకుంటున్నారని. పలక చూసి చెప్పాను: "గొంతు లేనిదాన్ని, ఆ క్లాసులో నేనేం చెప్తాను?" ఆయన "అలా కాదండీ... అంటే..." అని నసిగారు. ఎన్ని దూది ఉండల్లో చుట్టినా ఈ మాటకి సరిపోలేదు కాబోలు. సభ అనుకున్న రోజుకే అన్నారు.

ఫిబ్రవరి 26

ఇంట్లో ఏం బాగోలేదు.

ఫిబ్రవరి 28

సభ అయింది.

పొద్దున్నే వెళ్లి మైకు పెట్టాను. షాపులో ఉన్నవాటిలో మంచి మైకు ఒకటుంది, ఎవరికీ అద్దెకివ్వను, అరిచేవాళ్లకి దండగ. పెదాలకి ఆనించి ఊపిరి తీస్తే ఆ ఊపిరి కూడా వినిపిస్తుంది. అది పెట్టాను. యాంప్లిఫయరు పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాను.

హాలు నిండింది. పిల్లలు కిటికీల్లో కూడా కూర్చున్నారు. లాయరమ్మ ముందు వరసలో, పలక ఒళ్లో పెట్టుకుని. హెడ్డుగారు మాట్లాడారు. ఒకమ్మాయి మాట్లాడబోయి ఏడ్చింది. తర్వాత హెడ్డుగారు, "మేడం గారి భర్త రెండు మాటలు చెప్తారు" అన్నారు. ఆయనతో ముందే మాట్లాడి పెట్టుకున్నాను. ఏం చెప్పబోతున్నానో మాత్రం ఆయనకి చెప్పలేదు, పాపం గుండె మెత్తన.

లేచాను.

"పిల్లలూ, మీ మేడం గురించి అందరూ గొప్పగా చెప్తున్నారు. నేను ఇంట్లో మనిషిని కాబట్టి నిజం చెప్తాను. ఈవిడ కోర్టులో వాదించిన మొదటి కేసు నాది. ఓడిపోయింది. జడ్జిగారు నన్ను లోపల వేశారు."

పిల్లలు నవ్వారు. లాయరమ్మ తల అడ్డంగా ఊపింది.

"అందుకే కోర్టు వదిలి రేడియోలో చేరింది. అక్కడ ఒకరోజు వార్తల మధ్యలో నిద్రపోయింది. ఊరంతా గురక విన్నాం."

వేలు చూపించి బెదిరించింది.

"సినిమాల్లో హీరోయిన్ ఏడుస్తుంటే ఈవిడ మర్చిపోయి ఆవులించింది. నిర్మాత దణ్ణం పెట్టి పంపించేశాడు. ఇక ఎక్కడా చోటు లేక మీ దగ్గరికొచ్చింది."

హాలు గొల్లుమంటోంది. హెడ్డుగారికి చెమటలు పట్టాయి. లాయరమ్మ లేచి నిలబడి, పలక మీద పెద్ద అక్షరాలతో రాసి ఎత్తి చూపించింది: "అంతా అబద్ధం."

నేను హెడ్డుగారి వైపు తిరిగాను. "అధ్యక్షా, మైకు పెట్టిందే నేను. పలక మీద రాసింది మైకులో వినపడదు. కిటికీల్లో కూర్చున్నవాళ్లకి ఎలా తెలుస్తుంది? ఎదురుపార్టీ లాయరుగారు ఏదైనా చెప్పాలంటే నోటితో చెప్పాలి. లేదంటే నేను చెప్పిందే నిజమని రికార్డు చేసుకోండి. కేసు ఓడిపోయింది. ఓడిపోయింది. ఓడి..."

వచ్చింది. స్టేజీ ఎక్కింది. మైకు నా చేతిలోంచి లాక్కుంది. హాలంతా తన వైపే చూసింది. అప్పుడు భయపడింది, నాకు తెలిసింది, మైకుని నోటికి దూరంగా పట్టుకుంది. నేను స్టూలు దగ్గరికి పరిగెత్తి, "పెదాలకి ఆనించుకో. అరవకు. రేడియోలోలా" అన్నాను మెల్లిగా.

"ఓడిపోలేదు" అంది.

జీర. తెగింది. మళ్లీ అతికింది. నేను సౌండు పెంచే నాబు మీద చెయ్యి పెట్టి కొంచెం కొంచెంగా పెంచాను. గరగర తగ్గించడానికి ఇంకో నాబు ఉంది. దాన్ని ముట్టుకోలేదు.

"ఓడిపోలేదు. కేసు కొట్టేశారు. ఈ మనిషిని విడిపించాను. ఆ ఒక్క పనికీ ఇప్పటిదాకా శిక్ష అనుభవిస్తున్నాను."

ఒక్కసారిగా కప్పు ఎగిరిపోయేట్టు నవ్వారు. ఆ నవ్వు తగ్గేదాకా ఆగింది. ఆగడం తనకి బాగా తెలుసు.

"మీరందరూ అడుగుతుంటారు, ఎక్కడా ఎందుకు కుదురుగా ఉండలేదని. కోర్టులో... నా మాట నమ్మించాలి, నిజమైనా కాకపోయినా. రేడియోలో ఎవరు వింటున్నారో కనపడరు. సినిమాలో మాట నాది, మొహం ఇంకొకళ్లది." నీళ్లు తాగింది. "ఇక్కడే... మీ మొహాలు కనపడతాయి. నా మొహానికి నా మాటే. అందుకని ఉండిపోయాను. గొంతు పోయాక ఇక్కడ నాకేం పనుందనుకున్నాను. ఇప్పుడు ఇది... ఇది మీకు వినపడుతోందా?"

వెనకనుంచి ఎవరో కుర్రాడు అరిచాడు: "వినపడుతోంది మేడం!"

"అరవకు. అది నా పాఠమే."

నాకు యాంప్లిఫయరు సరిగ్గా కనపడలేదు కాసేపు. పొగ వస్తోందేమో అని చూశాను. రావట్లేదు.

ఇన్నేళ్లు కోటు గురించి నేను అడిగితే ఫ్యాన్లు తిరగవని చెప్పింది. పిల్లలు ఉత్తినే అడిగితే చెప్పేసింది.

దిగాక హెడ్డుగారు దగ్గరికొచ్చి, చాలా దూది చుట్టి, ఆ రాజీనామా కాగితం ఇంకా పై ఆఫీసుకి పంపలేదనీ, సొరుగులోనే ఉండిపోయిందనీ చెప్పారు. లాయరమ్మ చెయ్యి చాపింది. వెనక్కి తీసుకుని నాలుగు ముక్కలు చేసింది.

"ఆ మైకు నా క్లాసులో ఉండాలి" అంది ఆయనతో. నా వైపు చూడకుండా, "దాన్ని పెట్టినవాడు మాత్రం వద్దు."

మార్చి 1

నిన్న ఇంటికొచ్చే దారంతా తిట్టింది. నేనెప్పుడు గురక పెట్టాను, నేనెప్పుడు ఆవులించాను, నలుగురిలో పరువు తీశావు. "డాక్టరు కొంచెం కొంచెం మాట్లాడమన్నాడే" అంటే, "ఇది కొంచెమే, ఇంకా చాలా ఉంది" అంది. చిట్టి వెనక కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వుకుంటోంది.

పొద్దున్నే కాసేపు విశ్రాంతి ఇచ్చింది గొంతుకి. అది పాతది కాదు. పాతది గంటలా ఉండేది. ఇది కింద ఎక్కడో మొదలై, కొంచెం గీసుకుంటూ పైకొస్తుంది. అలవాటు కావాలి. నాకు అప్పుడే అవుతోంది, తనకి ఇంకా కాలేదు. మాట అన్నాక ఒక క్షణం ఆగుతుంది, ఎవరన్నారా అని చూసుకుంటున్నట్టు.

ఇప్పుడు పెరట్లోంచి పిలుస్తోంది. నీళ్ల మోటారు కట్టెయ్యమని. ట్యాంకు నిండి గోడ మీంచి పొర్లుతున్న చప్పుడు నాక్కూడా వినిపిస్తోంది. చిట్టి మొక్కల కుండీలు తడిసిపోతుంటాయి.

పొర్లనీ. ఇంకోసారి పిలవనీ.